చప్పుడు తగ్గిన ఇల్లు

పదకొండింటికి కరెంటు పోయింది. ఫ్యాను రెండు మూడుసార్లు బద్ధకంగా తిరిగి ఆగింది. కింద వాటాలో టీవీ ఆగింది. వీధిలో ఎవరింట్లోనో మిక్సీ ఆగింది.

అన్నీ ఆగాక వినబడవలసినది వినబడలేదు.

సింధూరి లెక్కల పుస్తకంలోంచి తలెత్తింది. ఆ పిల్లకి పదమూడేళ్లు. నాలుగో ఏట నుంచీ ఆ చప్పుడు పక్కనే నిద్రపోయింది. కరెంటు పోయినప్పుడల్లా ఆ ఇంట్లో ముందు వినిపించేది అదే. చేతి గడియారం కంటే గట్టిగా, గోడ గడియారం కంటే తొందరగా, తల్లి గుండెలోంచి వచ్చే టిక్కు టిక్కు.

"అమ్మా, నీ చప్పుడేదీ?"

శివపార్వతి మంచం మీద మూడు దిళ్లకి ఆనుకుని కూర్చుని ఉంది. మూడు రోజులుగా ఆమె వెల్లకిలా పడుకోలేకపోతోంది. పడుకుంటే ఎవరో రొమ్ము మీద అరచెయ్యి ఆనించి మెల్లగా నొక్కుతున్నట్టుంది. కూతురి ప్రశ్న విని కిటికీ వైపు తిరిగింది. కిటికీలోంచి గుణదల కొండా, కొండ మీద శిలువా కనిపిస్తున్నాయి. వాటిని అంతవరకూ చూడనట్టు చూసింది.

సింధూరి లేచి వచ్చి తల్లి పక్కన ఒంగింది. ఊపిరి బిగబట్టి వింది. తర్వాత వెళ్లి తండ్రిని చెయ్యి పట్టుకుని తీసుకొచ్చింది.

లక్ష్మీకాంత్ గడ్డం సగమే గీసుకుని ఉన్నాడు. వన్ టౌన్‌లో గొడుగులూ రెయిన్‌కోట్లూ అమ్మే హోల్‌సేల్ కొట్టు అతనిది. వానాకాలంలో ఆదివారం ఒక్కటే అతనికి తీరిక. ఒక చెంప మీద సబ్బు నురగతోనే మంచం మీద కూర్చుని భార్య రొమ్ముకి చెవి ఆనించాడు.

గుండె కొట్టుకుంటోంది. కానీ ప్రతిసారీ తలుపు మూసుకునే చోట ఏదో బట్ట అడ్డం పడినట్టుంది. ఆ లోహపు శబ్దం, తొమ్మిదేళ్లుగా తన నిద్రకీ మెలకువకీ మధ్య నిలబడ్డ ఆ శబ్దం, ఎక్కడో పరుపు కింద పెట్టినట్టు వినీ వినబడకుండా ఉంది. తల ఎత్తేసరికి పార్వతి జాకెట్టుకి నురగ అంటుకుంది. ఇద్దరూ దాన్ని తుడవలేదు.

"ఎప్పట్నుంచి?" అన్నాడు.

ఆమె మళ్లీ కిటికీ వైపు తిరిగింది.

వంటింట్లోంచి మాణిక్యం వచ్చింది. లక్ష్మీకాంత్ తల్లి. చేతిలో స్టీలు గిన్నె. శుక్రవారం నుంచీ ఊరికి అటు చివర కొండ మీద అమ్మవారికి శాకంబరి అలంకారం జరుగుతోంది. మొదటి రోజు ఆవిడ వెళ్లి బెండకాయలూ దొండకాయలూ దండలు గుచ్చి వచ్చింది. ఇవాళ పొద్దున్నే మళ్లీ వెళ్లి కదంబం ప్రసాదం తెచ్చింది. కొడుకు మొహం చూసి సంగతేమిటని అడిగింది. సింధూరి చెప్పింది.

మాణిక్యం గిన్నె కింద పెట్టి రెండు చేతులూ కళ్లకద్దుకుంది.

"తొమ్మిదేళ్లుగా మొక్కుతున్నానురా," అంది. "ఇన్నాళ్లకి అమ్మ విన్నది."

ఆ గొంతులో ఉన్నది నిజమైన సంతోషం. అందుకే గదిలో ఎవరూ ఆవిడ వంక చూడలేకపోయారు.

*

చిన్నప్పుడు వచ్చిన కీళ్లజ్వరం శివపార్వతి గుండెలో ఒక కవాటాన్ని పాడు చేసింది. ఇరవై తొమ్మిదో ఏట దాన్ని తీసేసి లోహపు వాల్వు పెట్టారు. పరాయి వస్తువుని చూసి రక్తం ఊరుకోదు, చుట్టూ గడ్డ కట్టాలని చూస్తుంది. అందుకని బతికున్నన్నాళ్లూ రక్తం పలచన చేసే మాత్ర వేసుకోవాలన్నారు. మాత్ర ఎక్కువైతే నెత్తురు కారుతుంది, తక్కువైతే గడ్డ కడుతుంది. ఆ రెండింటి మధ్య సన్నటి గట్టు మీద నడవడానికి నెలనెలా పీటీ అనే రక్తపరీక్ష.

ఇంటికి పంపేటప్పుడు ఆపరేషన్ చేసిన పెద్ద డాక్టరు లక్ష్మీకాంత్‌ని పక్కకి పిలిచి, ఈ చప్పుడుతో విసుగెత్తిపోతారు, కానీ ఇదే మీకు కాపలా, ఏ రోజున మెత్తబడినా ఆ రోజున రేపటిదాకా ఆగకండి అని చెప్పాడు. లక్ష్మీకాంత్ దాన్ని ఇంటికొచ్చి ఒక సరదా మాటలా చెప్పాడు. తర్వాత అందరూ మొదటి సగమే గుర్తుంచుకున్నారు.

విసుగెత్తిపోయారు. మొదటి ఏడాది మాణిక్యం గోడ గడియారం తీయించేసింది. రెండు టిక్కులు కలవక తల తిరుగుతోందంది. పామర్రు బస్సులో పక్క సీటు పిల్లవాడు, ఆంటీ మీ బ్యాగులో ఏముంది అని అడిగాడు. పెళ్లిళ్లలో తాళి కట్టే ముందు ఒక్క క్షణం మేళం ఆగితే జనం తలలు తిప్పి వెతికేవారు.

అవన్నీ పార్వతి భరించింది. భరించలేకపోయినది వేరే ఒకటుంది. అది ఎవరికీ చెప్పలేదు.

*

లక్ష్మీకాంత్ బీరువా పైనుంచి మందుల డబ్బా దించాడు. మాత్రల అట్ట తీసి చూశాడు. ఏ రోజు మాత్ర ఆ రోజు అయిపోయి ఉంది. పరీక్షల పుస్తకం తెరిచాడు. ఆఖరి పరీక్ష ఏడు వారాల కిందటిది. అప్పుడు అంతా సరిగ్గానే ఉంది.

పోయిన నెల పరీక్షకి వెళ్లానన్నావుగా అని అడిగాడు. వెళ్లాననీ, ల్యాబులో జనం ఎక్కువగా ఉంటే తిరిగొచ్చాననీ ఆమె చెప్పింది. తర్వాత వెళ్దామనుకున్నానంది. ఆ రెండు వాక్యాలకే ఆమెకి ఊపిరి మధ్యలో తెగింది.

అతను అట్టలోంచి రెండు మాత్రలు నొక్కి అరచేతిలో వేసుకున్నాడు. మంచినీళ్ల గ్లాసు అందుకున్నాడు. "ముందు ఇవి వేసుకో. తగ్గిందేదో దీంతో సరిపోతుంది."

సింధూరి మెట్లు దిగి పరుగెత్తింది. పిల్లకి ఏం తోచిందో ఎవరికీ తెలీదు. తిరిగి వచ్చేసరికి వెనకాల కింద వాటా శౌరమ్మ ఉంది.

శౌరమ్మ ముప్పైరెండేళ్లు ప్రభుత్వాసుపత్రిలో నర్సుగా చేసి రిటైరైంది. ఇల్లు ఆవిడదే. మేరీమాత గుడికి ఆదివారం పూజకి వెళ్లి అప్పుడే వచ్చినట్టుంది, తెల్ల చీర కొంగు ఇంకా తల మీదే ఉంది. వస్తూనే లక్ష్మీకాంత్ అరచేతిని చూసింది.

"అవి డబ్బాలో పెట్టెయ్యండి బాబూ."

"అది కాదండీ, మందు తగ్గినట్టుంది, అందుకని..."

"తగ్గిందో పెరిగిందో రక్తం చూస్తే తెలుస్తుంది. మీ చెయ్యి చూస్తే తెలీదు. ఈ మాత్ర ఇప్పుడు మింగితే పని చేసేది రేపో ఎల్లుండో. ఈలోగా అక్కడ వాళ్లు వేరే మందు ఎక్కిస్తే రెండూ కలిసి నెత్తురు ఆగదు. ఒక్కటి కూడా వెయ్యకండి."

ఆవిడ పార్వతి మణికట్టు పట్టుకుంది. తర్వాత చెవి ఆనించలేదు. ఒక నిమిషం ఆమె మెడ వంక చూస్తూ కూర్చుంది. మెడ పక్కన నరం ఉబ్బి కొట్టుకుంటోంది. శౌరమ్మ మొహంలో ఏమీ మారలేదు. అలా మారకపోవడం ఆవిడ వృత్తిలో నేర్చుకున్నదని పార్వతికి తెలుసు. అందుకే భయం వేసింది.

నూట ఎనిమిదికి ఫోన్ చెయ్యండి అంది శౌరమ్మ. లక్ష్మీకాంత్ చేశాడు. ఇరవై నిమిషాలు పడుతుందన్నారు. కొండ దగ్గర జనం, దారంతా బళ్లు.

ఆ ఇరవై నిమిషాల్లో శౌరమ్మ ఒక్కొక్కటే అడిగింది. వేరే మాత్రలేమైనా వాడారా. ఒళ్లు నొప్పులకి షాపులో ఏదైనా కొనుక్కున్నారా. నాటు మందు. హోమియో. కషాయం. అన్నిటికీ లేదనే వచ్చింది. తిండిలో ఏమైనా మారిందా, ఆకుకూరలు అని అడిగింది.

ఆ విషయంలో మాణిక్యానికి పట్టుదల ఎక్కువ. ఆవిడ ముందుకొచ్చింది. తొమ్మిదేళ్లుగా డాక్టర్లు చెప్పినట్టే వండుతున్నానంది. వారానికి రెండు సార్లు తోటకూరో పాలకూరో, ఎప్పుడూ ఒకే కొలత. ఎక్కువ తింటే మాత్రకి అడ్డమనీ, అసలు మానేసినా తేడా చేస్తుందనీ తనకి తెలుసంది. ఈ ఇంట్లో గోంగూర పచ్చడి కూడా కోడలికి గుప్పెడు కొలిచే వడ్డిస్తాను, అడగండి అంది.

"నానమ్మా," అంది సింధూరి. "మునగాకు."

"మునగాకేంటే?"

"అమ్మకి రోజూ పెడుతున్నావు కదా."

మాణిక్యం నిజంగానే తెల్లబోయింది. "అది ఆకుకూరెలా అవుతుందే? ఆషాఢం మునగాకు. ఆషాఢంలో మునగాకు తినని కొంపేది?"

ఆవిడే చెప్పుకుపోయింది. పామర్రులో చెల్లెలి పెరట్లో మునగచెట్టు. మాసం మొదలైన రోజున సంచీ నిండా ఆకు పంపింది. నీడలో ఆరబెట్టి పొడి కొట్టింది. మొదటి ముద్దలో ఒక చెంచా, మజ్జిగలో ఒక చెంచా. ఈ నెలలో పట్టే జబ్బులకి అదే మందు. తన అత్తగారు పెట్టేది, ఆవిడకి వాళ్ల అత్తగారు పెట్టేది. కోడలు నీరసంగా ఉందని పెట్టింది. కూర వండి పెడితే కొలత చూసేదే. ఇది పొడి. పొడికి కొలతేమిటి?

"ఎన్నాళ్ల నుంచి?" శౌరమ్మ అడిగింది.

"పాడ్యమి నుంచి. ఇవాళ పున్నమి."

శౌరమ్మ కళ్లు మూసుకుంది. తర్వాత లక్ష్మీకాంత్‌తో నెమ్మదిగా చెప్పింది. ఆకు ఎండబెడితే బలం పోదు, అందులో ఉన్నదంతా ఇంకా చిక్కబడుతుంది. పదిహేను రోజులు రోజూ తింటే మాత్ర వేసుకున్నా వేసుకోనట్టే. ఆ పొడి డబ్బా కూడా ఆసుపత్రికి తీసుకెళ్లండి, వాళ్లకి చూపించండి.

లక్ష్మీకాంత్ తల్లి వైపు తిరిగాడు. అతను అరవలేదు. అరిచి ఉంటే బావుండేదని పార్వతికి తర్వాత అనిపించింది.

"నీకు ఆ చప్పుడు మొదట్నుంచీ గిట్టదు," అన్నాడు.

మాణిక్యం వెళ్లి వంటింటి గుమ్మంలో నిలబడింది. కొడుకు ఆ గుమ్మం వంక చూడకుండా గదిలోకి వెళ్లి చొక్కా తొడుక్కున్నాడు. సగం గడ్డం అలాగే ఉంది.

ఒక మాట చెప్తే చాలు. పార్వతి దగ్గర ఆ మాట ఉంది. చెప్పలేదు.

*

మనిషి లోపల ఏమవుతోందో బయటికి తెలియకపోవడం ఎంత పెద్ద ఆస్తో, అది పోయినవాళ్లకే తెలుస్తుంది.

తొమ్మిదేళ్లుగా పార్వతికి ఆ ఆస్తి లేదు. కోపం వస్తే గుండె వేగం పెరిగేది. గుండె వేగం ఇల్లంతా వినేది. తలుపు వెనక నిలబడి ఏడుద్దామనుకుంటే, తలుపు వెనక ఉన్నట్టు తెలిసిపోయేది. నిద్ర నటించడానికి లేదు. లక్ష్మీకాంత్ చీకట్లో పడుకుని వింటూ ఉండి, ఎందుకంత కంగారు, ఏమైంది అనేవాడు. ఏమీ లేదంటే నవ్వేవాడు. నువ్వు అబద్ధమాడితే అది నిజం చెప్తోందిలే అనేవాడు. ప్రేమగానే అనేవాడు. ఆ ప్రేమకి ఆమె ఎప్పుడూ దొరికిపోతూనే ఉండేది.

పీటీ పరీక్ష రోజున ల్యాబులో జనం లేరు. అసలు ఆమె ల్యాబు మెట్లెక్కనే లేదు. ఎదురుగా చెరుకురసం బండి దగ్గర నిలబడి, ఒక్క నెల, ఒక్క నెల ఎవరూ నా రక్తం సంగతి చెప్పకుండా ఉంటే అనుకుని వెనక్కి వచ్చింది.

సోమవారం పొద్దున దేవుడి గదిలో వత్తులు చేస్తూ ఉంటే ఏదో తేడా అనిపించింది. ఎవరో గదిలోంచి వెళ్లిపోయిన తర్వాత ఉండే ఖాళీ లాంటిది. వెనక్కి తిరిగి చూసింది. ఎవరూ లేరు. వత్తి నలిపే వేళ్ల చప్పుడు వినిపించింది. అంత చిన్న చప్పుడు తొమ్మిదేళ్లలో ఆమె వినలేదు.

ఆ రోజంతా ఇంట్లో కొత్త శబ్దాలు వినబడ్డాయి. బియ్యం డబ్బాలో పురుగు కదలడం. గోడ లోపల నీళ్లు పైపులో దిగడం. అత్తగారు జపం చేస్తూ మధ్యమధ్య ఊపిరి పీల్చడం. ఆమె ఆవిడ వెనకగా నడిచి వెళ్లింది. ఆవిడ తిరగలేదు. తను ఉన్నట్టు తెలియలేదు. లేని మనిషిలా ఇల్లంతా తిరిగింది. భర్త గదిలో నిలబడి అతను ఫోన్లో మాట్లాడుతుండగా చూసింది. అతను చాలాసేపు గమనించలేదు. తిరిగి చూసి ఉలిక్కిపడ్డాడు. ఎప్పుడొచ్చావు అన్నాడు. ఆ ప్రశ్నకి ఆమె ఒళ్లు పులకరించింది. వానాకాలం బేరాలతో అలిసి ఫ్యాను హోరులో పడి నిద్రపోయే అతనికి రాత్రిళ్లు కూడా తేడా తెలియలేదు.

సంతోషం అలా ఉంటుందని ఆమె మరిచిపోయింది. దాని అడుగున ఇంకొకటి కూడా ఉంది. ఇన్నాళ్లూ టిక్కు టిక్కుమంటూ వెంట నడిచిన మనిషి ఆగిపోయి చీకటి మూలలో నిలబడి తన వంకే చూస్తున్నట్టు. వెళ్లిపోలేదు. ఆగింది అంతే. చూస్తోంది.

అయినా మంగళవారం అన్నం దగ్గర, మాణిక్యం చెంచాతో పొడి వేస్తుంటే, పార్వతి కంచం కాస్త ముందుకు జరిపింది.

"ఇంకో చెంచా వెయ్యండత్తయ్యా. ఒంటికి బావుంది."

మాణిక్యం మురిసిపోయింది.

*

మెట్లు పదహారు. ఆరో మెట్టు దగ్గర పార్వతికి ఊపిరి అందలేదు. అంబులెన్స్ మనుషులు కుర్చీలో కూర్చోబెట్టి దించారు. శౌరమ్మ సింధూరిని తన దగ్గర ఉంచుకుంది. మాణిక్యం పిలవకుండానే పొడి డబ్బా పట్టుకుని బండి ఎక్కింది. లక్ష్మీకాంత్ వద్దనలేదు, జరగనూ లేదు.

ఏలూరు రోడ్డు మీద బండి కదలడం లేదు. కొండకి వెళ్లే జనం. పక్కనే కూరగాయల వ్యాన్లు వరసగా నిలిచిపోయి ఉన్నాయి. అమ్మవారికి రైతులు పంపినవి. వెనక అద్దంలోంచి పార్వతికి ఆకుపచ్చ తప్ప ఏమీ కనిపించలేదు. ఆనపకాయలు, కాకరకాయలు, కట్టలు కట్టలుగా ఆకులు. సైరన్ మోగుతూనే ఉంది. వ్యాన్లు కదల్లేదు. అద్దానికి ఆకులు ఒత్తుకుని లోపలికి చూస్తున్నట్టున్నాయి.

ముక్కుకి ఆక్సిజన్ గొట్టం పెట్టారు. దాని బుసలో కూడా ఆమె ఆ చప్పుడు కోసం వెతుక్కుంది. మొదటిసారి, అది తిరిగి వస్తే బావుండునని వెతికింది.

రాలేదు.

మాణిక్యం ఒళ్లో డబ్బా మీద రెండు చేతులూ మూతలా పెట్టుకుని కూర్చుంది. కొడుక్కి ఎదురుగా కూర్చున్నా తల ఎత్తలేదు. "మా అత్తగారు పెట్టేదిరా," అని ఒక్కసారి అంది. సైరన్‌లో అది ఎవరికీ వినబడలేదు. పార్వతికి వినబడింది.

*

ఎమర్జెన్సీ వార్డులో డ్యూటీ డాక్టరు ముప్పై దాటని అమ్మాయి. స్టెతస్కోప్ పెట్టి చాలాసేపు వింది. పెట్టిన చోటే మళ్లీ పెట్టి వింది. తర్వాత నర్సుతో తక్కువ గొంతుతో ఏదో చెప్పింది. ఎకో మిషన్ తోసుకొచ్చారు. చల్లటి జెల్ పూసి, తెర అటు తిప్పుకుని చూసింది. తెర పార్వతికి కనబడలేదు. డాక్టరు మొహం మీద తెర వెలుగు మాత్రం ఆడుతూ కనబడింది. వాల్వుకి రెండు రెక్కలుంటాయట. ఒకటి ఆడుతోంది. ఒకటి ఆడటం లేదు.

డాక్టరు దాపరికం లేకుండా చెప్పింది. వాల్వు మీద రక్తం గడ్డ కట్టింది. రెండు దారులున్నాయి. గడ్డని కరిగించే మందు ఎక్కించడం ఒకటి, మళ్లీ రొమ్ము తెరిచి ఆపరేషన్ చెయ్యడం రెండోది. రెండింట్లోనూ ప్రాణానికి ప్రమాదముంది. కరిగేటప్పుడు ముక్క విరిగి మెదడుకి పోవచ్చు. పెద్ద డాక్టరు దారిలో ఉన్నారు, వచ్చేలోపు ఆయనకి ఒక్క సంగతి చెప్పాలి.

"ఎన్నాళ్ల గడ్డ అన్నది కావాలి నాకు. కొత్తదైతే మందుకి లొంగుతుంది. పాతబడేకొద్దీ లొంగదు. చప్పుడు మారింది ఎప్పుడు?"

"ఇవాళేనండీ," అన్నాడు లక్ష్మీకాంత్. "పొద్దున పదకొండింటికి. కరెంటు పోయినప్పుడు మా అమ్మాయి చూసింది."

డాక్టరు రాసుకుంది. "కచ్చితంగా? ఇవాళంటే ఒక లెక్క. వారమంటే వేరే లెక్క."

"ఇవాళే."

మాణిక్యం డబ్బా బల్ల మీద పెట్టింది. బండిలో దారి పొడుగునా ఈ మాట కూడబెట్టుకుని వచ్చినట్టుంది.

"నేనే పెట్టానమ్మా ఇది. పదిహేను రోజులు. నా కోడలికేమీ తెలీదు. ఏం రాసుకోవాలన్నా నా పేరు రాసుకోండి. మాణిక్యం."

డాక్టరు డబ్బా మూత తీసి వాసన చూసి, పేర్లతో పని లేదమ్మా అంది. లక్ష్మీకాంత్ గోడ వైపు తిరిగి నిలబడ్డాడు.

పార్వతి అతని వీపు వంక చూసింది. చెప్పకపోతే ఏమవుతుందో ఆమెకి అర్థమైంది. కొత్త గడ్డ అనుకుని మందు ఎక్కిస్తారు. అది కరగదు. లేదా విరిగి పైకి పోతుంది. తను పోతే అత్తగారే చంపిందని ఈయన బతికినన్నాళ్లూ నమ్ముతాడు. ఆవిడా నమ్ముతుంది. సింధూరి, మునగాకు అన్న తన మాటతోనే ఇదంతా బయటపడిందని నమ్ముతుంది. ముగ్గురు. చెప్తే ఏమవుతుంది? ఆ ఆరు రోజులు పోతాయి. ఎవరికీ వినబడకుండా తను తనకోసం దాచుకున్న ఆరు రోజులు.

"సోమవారం," అంది.

డాక్టరు దగ్గరికి ఒంగింది. పార్వతి ఆక్సిజన్ గొట్టాన్ని కాస్త పక్కకి లాగింది.

"సోమవారం పొద్దున. ఆరు రోజులైంది. నాకు తెలుసు. తెలిసే ఊరుకున్నాను." ఊపిరి కోసం ఆగింది. "అత్తయ్య ఒక చెంచా వేసేది. మంగళవారం నుంచి రెండు వేయించుకున్నాను. నేనే అడిగాను."

"ఆ ఆకు వల్లే చప్పుడు తగ్గుతోందని తెలుసా మీకు?"

ఆమె ఆలోచించింది. ఆ క్షణంలో కూడా నిజంగా ఆలోచించింది. "తెలుసు," అంది. "తెలుసని ఒప్పుకోలేదు. అంతే."

డాక్టరు రాసినది కొట్టేసి మళ్లీ రాసింది. ఫోన్ తీసి, సర్ ఆరు రోజుల హిస్టరీ, థియేటర్ రెడీ చెయ్యమంటారా అంటూ పక్కకి నడిచింది.

లక్ష్మీకాంత్ గోడ నుంచి తిరిగాడు. సగం గడ్డంతో అతని మొహం ఇద్దరు మనుషుల మొహంలా ఉంది. తల్లిని చూశాడు. తల్లి అతన్ని చూడలేదు. ఆవిడ కోడల్నే చూస్తోంది. ఆ చూపులో కోపం లేదు. ఒక చెంచా ఎక్కువ అడిగిన రోజు తను ఎంత మురిసిపోయిందో గుర్తు చేసుకుంటున్న చూపు.

"ఎందుకు?" అన్నాడు లక్ష్మీకాంత్.

పార్వతికి జవాబు సిద్ధంగా ఉంది. తొమ్మిదేళ్లుగా సిద్ధంగా ఉంది. అది చిన్న జవాబు. కానీ చెప్పేలోపు నర్సు కాగితాలు తెచ్చి అట్ట మీద పెట్టి, ఇక్కడొకటి ఇక్కడొకటి సంతకం అమ్మా అని పెన్ను చేతికిచ్చింది.

ఆమె పెన్ను తీసుకుంది. కాగితం మీద తన పేరు అచ్చులో ఉంది. దాని కింద చుక్కల గీత. రాద్దామని చెయ్యి కదిపింది. గీత మీద ఏమీ పడలేదు. సిరా లేదేమోనని మళ్లీ కదిపింది.

"పెన్ను కింద పడిందమ్మా," అంది నర్సు.

పార్వతి చేతి వంక చూసుకుంది. వేళ్లు పట్టుకున్నట్టే ముడుచుకుని ఉన్నాయి. అందులో పెన్ను లేదు. అది ఎప్పుడు జారిందో ఆమెకి తెలీదు. పట్టుకునే ఉన్నానని ఆమె చెయ్యి ఇంకా చెప్తోంది. ఫరవాలేదు, ఇంకోసారివ్వండి అందామనుకుంది. మాట తలలో పూర్తిగా ఉంది. నోటికి చేరేసరికి అది వేరే ఎవరిదో మాటలా మెత్తగా, ఆకారం లేకుండా బయటికొచ్చింది.

డాక్టరు ఫోన్ అలాగే పట్టుకుని వెనక్కి తిరిగింది. రెండంగల్లో మంచం దగ్గరికి వచ్చింది.

"అమ్మా. ఇటు చూడండి. నా వైపు చూసి ఒకసారి నవ్వండి."

ఇదేం కోరిక అనిపించింది పార్వతికి. అయినా నవ్వింది. బాగానే నవ్వాననుకుంది. డాక్టరు భుజం మీదుగా మాణిక్యం కనిపిస్తోంది. ఆవిడ కోడలి మొహంలో ఒక పక్కే విచ్చిన నవ్వు చూస్తూ, చూస్తూ, నెమ్మదిగా కొంగు తీసి నోటికి అడ్డం పెట్టుకుంది.